పియానో తీగ తెగితే పియానో పోయినట్టేనా?

ఈరోజు పియానో సంగతి. ప్లగ్ పెట్టి వాయించే కీబోర్డు కాదండీ, లోపల సుత్తులు, తీగలు ఉండే అసలు పియానో. గోడకి ఆనించి పెట్టే చిన్న అప్‌రైట్.

వైజాగ్‌లో మా కింద ఫ్లోర్‌లో ఒక ఆంటీ ఉంటారు. ఆ పియానో మీద పిల్లలకి పాఠాలు చెప్పి ఇల్లు నడుపుకుంటున్నారు. ఒక వారంలో రెండు తీగలు తెగాయి. పైన సన్నది ఒకటి, కింద రాగి చుట్టినది ఒకటి. పిల్లల గ్రేడ్ పరీక్షకి మూడు వారాలే ఉంది. ఒక షాపులో అడిగితే "ఇది పనికిరాదమ్మా, కీబోర్డు కొనుక్కోండి" అన్నారట. ఆంటీ నాతో, "నాన్నా, నువ్వు ఇంజనీర్‌వి కదా, ఒకసారి చూడు" అన్నారు. బీటెక్ సీఎస్‌ఈ చేస్తే మిక్సీ దగ్గర్నుంచి పియానో దాకా అన్నీ మనమే బాగుచెయ్యాలి, తెలుసుగా.

నేను చూసింది ఒక అనుభవం ఉన్న ట్యూనర్‌ని వీడియో కాల్‌లో పెట్టుకుని. మీరూ అలాగే చెయ్యండి. ఎందుకంటే పియానోలో 88 కీలకి దాదాపు 230 తీగలుంటాయి, ఒక్కోటి సుమారు 70 కిలోల బరువు వేలాడదీసినంత బిగుతుగా ఉంటుంది. మొత్తం లెక్కేస్తే 15 టన్నుల పైమాటే. చెక్క ఒక్కటే దాన్ని ఆపలేదు కాబట్టే లోపల పోత ఇనుప ఫ్రేమ్ ఉంటుంది. ఒకే ముక్కగా పోసిన ఆ ఫ్రేమ్‌కి బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో పేటెంట్ తీసుకున్నాడు. సో, కళ్లద్దాలు పెట్టుకోకుండా తీగ ముట్టుకోవద్దు. తెగి మొహం మీదకి వస్తే సరదాగా ఉండదు.

అసలు తీగలు ఎందుకు తెగుతాయి? మా వైజాగ్‌లో అయితే సముద్రపు గాలి, తుప్పు. తెగేది ఎక్కువగా ట్యూనింగ్ పిన్ చుట్ల దగ్గరో, తీగ వంగి వెళ్లే చోటో.

ముందు పైమూత, ముందు పలక తీస్తే సుత్తుల సెట్ కనిపిస్తుంది, దాన్ని యాక్షన్ అంటారు. దాన్ని పట్టి ఉంచే నాబ్‌లు విప్పి జాగ్రత్తగా బయటికి తియ్యాలి. బాగా పొట్టి స్పినెట్ మోడల్ అయితే యాక్షన్ కీల కంటే కిందకి దిగి ఉంటుంది. దాని జోలికి మీరు వెళ్లకండి.

ఇప్పుడు సన్న తీగ. ఇక్కడో ట్విస్ట్ ఉంది. చాలా పియానోల్లో ఒకే తీగ కింద హిచ్ పిన్ చుట్టూ తిరిగి మళ్లీ పైకొచ్చి రెండు తీగలుగా పనిచేస్తుంది. అందుకే ఒక్క చోట తెగితే రెండూ పోతాయి, ఒక్కోసారి రెండోది పక్క కీది! మందం కంటితో కాదు, మైక్రోమీటర్‌తో కొలవాలి. 13 నంబర్ అంటే 0.775 మిల్లీమీటర్లు, 14 అంటే 0.825. తేడా అంతే, కానీ శబ్దంలో తెలిసిపోతుంది. హార్డ్‌వేర్ షాపు వైరు, గిటార్ తీగ పనికిరావు, పియానో వైరే కావాలి.

ట్యూనింగ్ పిన్‌ని ఊడబీకకూడదు. సుమారు మూడు చుట్లు వెనక్కి తిప్పి, పాత చుట్టు తీసేసి, కొత్త తీగ కొన పిన్ రంధ్రంలో పెట్టి మళ్లీ మూడు చుట్లు బిగిస్తే పిన్ పాత ఎత్తుకే వస్తుంది. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, పక్కపక్కనే కూర్చోవాలి. పక్కనున్న తుప్పు తీగల్ని ట్యూన్ చేసేటప్పుడు నేరుగా బిగించకండి. ముందు కొంచెం వదులు చెయ్యండి, "టక్" అని తుప్పు పట్టు విడుతుంది, అప్పుడు బిగించండి. ఈ చిట్కా ఒక్కటే ఇంకో మూడు తీగల్ని కాపాడిందనుకుంటున్నా.

రాగి తీగ కథ వేరు. అది ఆ పియానోకి సరిపడా చేయించుకోవాలి, పాత ముక్కలు రెండూ నమూనాగా పంపాలి. పారెయ్యకండి ప్లీజ్. అది వచ్చేలోపు పరీక్ష అయిపోతుంది. కానీ మా అదృష్టం, రాగి లేని చోట, పిన్ దగ్గర తెగింది. అలాంటప్పుడు లోపలి స్టీలు మందమే ఉన్న కొత్త వైరు ముక్కని ప్రత్యేకమైన ముడితో కలిపి వాడొచ్చు. ఆ ముడి వెయ్యడానికి నాకు మధ్యాహ్నం మొత్తం పట్టింది. మోగింది మాత్రం బానే మోగింది.

ఇంకో విషయం. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది. ఈరోజు ట్యూన్ చేస్తే రేపటికి దిగిపోతుంది, అలా కొన్ని వారాలు. పై స్వరాలకి కీకి మూడేసి తీగలుంటాయి కదా, కొత్తది శ్రుతి తప్పినప్పుడల్లా మధ్యలో చిన్న రబ్బరు ముక్క దూర్చి దాని నోరు మూశాం. పాతవి పాడుతుంటాయి, క్లాసు నడుస్తుంది. ఆంటీ పాఠం మొదలయ్యే ముందు రోజూ ఐదు నిమిషాలు నేను ట్యూనింగ్ లివర్‌తో కిందకి దిగేవాణ్ణి.

పిల్లలు అదే పియానో మీద ప్రాక్టీస్ చేసి పరీక్షకి వెళ్లారు. చేయించిన రాగి తీగ ఇప్పుడే వచ్చింది. ఎక్కించే ముందు చుట్టు తిరిగిన వైపే అర చుట్టు మెలిపెట్టాలి, లేకపోతే రాగి వదులై గరగరమంటుంది. అది వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. మీ ఇంట్లోనో, మీ చర్చిలోనో మూలన పడున్న పియానో ఉంటే లోపలి ఫొటో కామెంట్లో పెట్టండి. బై!