పదో తరగతి రేఖాగణితం: మన పిల్లలు, మన సాయం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సాయంత్రపు చదువుల కేంద్రం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఎంత ఖర్చయింది, ఎంతమంది వచ్చారు అన్నది ఆయన నివేదికలో ఉంది. నేను ఒక్క సంగతే చెబుతాను. పదో తరగతి గణితంలో రేఖాగణితం. ఇంత పెద్ద సభలో ఇంత చిన్న విషయమా అనుకోకండి. మన పేటల్లో చదువు ఆగిపోయిన పిల్లల్ని అడిగి చూడండి, గణితం దగ్గరే ఆగామని చెప్పేవాళ్లు ఎంతమందో. పరీక్ష తప్పిన అబ్బాయి సప్లిమెంటరీ దాకా ఖాళీగా కూర్చోడు. మామూ షెడ్డులోనో, వెల్డింగ్ షాపులోనో చేరతాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, ఆ తర్వాత పరీక్ష ఫీజు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అమ్మాయి అయితే సంబంధాలు చూడటం మొదలవుతుంది. పాసు కావడానికి కావలసింది నూటికి 35. ఆ 35కు ఇంత బరువుంది.

తెలంగాణ పదో తరగతి గణిత పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం సరూప త్రిభుజాలు, తొమ్మిదోది వృత్తానికి స్పర్శరేఖలు, ఛేదన రేఖలు. పరీక్షకు నెల రోజులుందనగా పిల్లలు ముందుగా వదిలేసేవి ఈ రెండే. "సార్, సిద్ధాంతాలు గుర్తుండవు, బొమ్మ సరిగా రాదు" అంటారు. నిజానికి లెక్కల్లో వెనకబడిన పిల్లవాడికి ధీమాగా మార్కులు తెచ్చే చోటు ఇదే. కూడికలో, గుణకారంలో తడబడే పిల్లవాడు వర్గ సమీకరణం చేస్తే మధ్యలో ఎక్కడో ఒక గుర్తు తప్పిపోతుంది, జవాబు పోతుంది. నిర్మాణంలో అలా కాదు. తను గీసింది సరైందో కాదో పిల్లవాడే స్కేలు పెట్టి చూసుకోవచ్చు.

ఉదాహరణ చెబుతాను. 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బిందువు నుంచి స్పర్శరేఖలు గీయమంటారు. కేంద్రం ఓ, బయటి బిందువు పి. ఓపిని కలిపి దాని లంబ సమద్విఖండన రేఖ గీస్తే మధ్య బిందువు ఎం దొరుకుతుంది. ఎం కేంద్రంగా, ఎంఓ వ్యాసార్ధంగా ఇంకో వృత్తం గీస్తే అది మొదటి వృత్తాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది. ఆ రెండు బిందువులను పితో కలిపితే స్పర్శరేఖలు వచ్చినట్టే. ఇప్పుడు స్కేలు పెట్టి కొలవండి. 8 సెంటీమీటర్లు రావాలి. ఎందుకంటే 10 వర్గం 100, 6 వర్గం 36, తీసేస్తే 64. కొలతలో 8 వచ్చిందంటే పరీక్ష హాల్లోనే పిల్లవాడికి తెలిసిపోతుంది, ఈ ప్రశ్న తనదేనని. గణితంలో ఇలాంటి భరోసా ఇచ్చే ప్రశ్నలు ఎన్ని ఉంటాయి?

అయితే ఈ సోపానాలను చాలామంది దువాలా కంఠస్థం చేస్తారు. రెండో వృత్తం ఎందుకు గీశామని అడిగితే నోరు మెదపరు. అర్ధవృత్తంలో కోణం 90 డిగ్రీలని వాళ్లకు తెలుసు. స్పర్శరేఖ వ్యాసార్ధానికి లంబంగా ఉంటుందనీ తెలుసు. ఆ రెండూ కలిస్తే ఈ నిర్మాణం. ఆ లంబకోణం కోసమే రెండో వృత్తం. ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఒకసారి అర్థమైతే సోపానాలు బట్టీ పట్టనక్కర్లేదు, ఒకటి మరచినా తనే కట్టుకుంటాడు.

సరూప త్రిభుజాల దగ్గరా ఇదే తంతు. ఇచ్చిన త్రిభుజానికి 3/4 రెట్లు ఉండే త్రిభుజం గీయమంటారు. బి దగ్గర లఘుకోణంతో కిందికి ఒక కిరణం గీసి, సమాన దూరాల్లో 4 గుర్తులు పెట్టి, నాలుగో గుర్తును సితో కలిపి, మూడో గుర్తు నుంచి దానికి సమాంతరంగా గీయాలి. 5/3 అయితే గుర్తులు 5. మూడో గుర్తును సితో కలిపి, ఐదో గుర్తు నుంచి సమాంతరం గీస్తే అది పొడిగించిన బిసిని తాకుతుంది. దేన్ని దేనితో కలపాలన్న దగ్గరే సగం మంది తారుమారు చేస్తారు. నేను చెప్పే మాట ఒక్కటే: "గీసే ముందు చెప్పు బేటా, నీ కొత్త త్రిభుజం పాతదాని లోపల పడుతుందా, బయటికి పోతుందా?" 3/4 ఒకటి కంటే చిన్నది, లోపలే పడాలి. 5/3 పెద్దది, బయటికి రావాలి. ఇది ముందే చెప్పుకున్న పిల్ల తప్పు గీసినా వెంటనే పట్టుకుంటుంది.

ఈ సమాంతర రేఖ పని చేయడానికి కారణం అదే అధ్యాయంలోని మొదటి పెద్ద సిద్ధాంతం. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం, థేల్స్ సిద్ధాంతం అని కూడా అంటారు. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది. చాలాచోట్ల సిద్ధాంతం ఒక నెలలో, నిర్మాణం ఇంకో నెలలో చెబుతారు. పిల్లలకు అవి రెండు వేర్వేరు భారాలవుతాయి. మన కేంద్రంలో రెండూ ఒకే వారంలో చెబుతున్నాం. సిద్ధాంతం రుజువు చేసిన మర్నాడే నిర్మాణం.

రుజువు కూడా కంఠస్థం చేయించను. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అనే నాలుగు శీర్షికలు మాత్రం రాయాల్సిందే, వాటికి మార్కులున్నాయి. లోపలి విషయం మాత్రం ముందు నోటితో చెప్పాలి. ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా నాకు అభ్యంతరం లేదు. ఆ రుజువంతా మూడు మాటల్లో ఉంది. ఒకే ఎత్తున్న త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి వాటి భూముల నిష్పత్తికి సమానం. ఆ మాట ఎడమవైపు భుజం మీద ఒకసారి, కుడివైపు భుజం మీద ఒకసారి వాడతాం. కింద ఏర్పడ్డ రెండు త్రిభుజాలు ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి కాబట్టి వాటి వైశాల్యాలు సమానం. అయిపోయింది. ఇది వంటింట్లో అమ్మీకి చెప్పి రమ్మంటాను. అమ్మీకి అర్థం కావాలని కాదు, చెప్పేటప్పుడు ఎక్కడ ఆగిపోయిందో పిల్లకే తెలుస్తుందని. బట్టీ పట్టినవాళ్లను పట్టుకోవడానికి ఇంకో పద్ధతి ఉంది. ఎబిసి బదులు పిక్యూఆర్ అని పేరు పెట్టి, బొమ్మను పక్కకు తిప్పి ఇస్తాను. బట్టీ అక్కడే తేలిపోతుంది.

మన పిల్లలకు భాష ఇబ్బంది కూడా ఉంది. కింది తరగతులు ఉర్దూ మీడియంలో చదివి తర్వాత ఇంగ్లీషుకో తెలుగుకో మారినవాళ్లు ఉన్నారు. ఉర్దూలో వతర్ అంటే వృత్తంలో జ్యా, లంబకోణ త్రిభుజంలో కర్ణం కూడా అదే మాట. తెలుగులో, ఇంగ్లీషులో రెండింటికీ వేర్వేరు పేర్లు. ఒక అమ్మాయి లంబకోణ త్రిభుజంలో కర్ణం దగ్గర జ్యా అని రాసుకొచ్చింది. తప్పు ఆమెది కాదు, మాటలది. ముమాస్, స్పర్శరేఖ, టాంజెంట్ మూడూ ఒకటేనని పక్కపక్కన రాసిన ఒక గోడ పట్టిక చాలు. దాన్ని తయారు చేయించడానికి మహా అయితే ఒక ఫ్లెక్సీ ఖర్చు.

ఇక సాయం సంగతి. దాతలు ఏటా గైడ్లు కొనిస్తున్నారు. వారి మంచి మనసుకు శుక్రియా. కానీ గైడులో గీసి ఉన్న బొమ్మను చూసి బొమ్మ గీయడం రాదు. పిల్లల చేతిలో ఉన్న వృత్తలేఖినులు చూడండి. కీలు వదులు, పెన్సిల్ నిలవదు. చాపం సగం తిరిగేసరికి వ్యాసార్ధం మారిపోతుంది, మొదలుపెట్టిన చోటికి చేరదు. పాపం, ఆ పిల్ల తనకు చేతకాదనుకుంటుంది. గైడుకు పెట్టే డబ్బుతో బిగుతుగా ఉండే మంచి పర్కార్ ఒకటి, గీతల్లేని తెల్ల నోటుబుక్కు ఒకటి వస్తాయి. పెట్టెలు పంచే ముందు ఒక్కోదానితో ఒక్కో వృత్తం గీయించి చూడమని మనవి. ఫొటో తర్వాత తీయించుకోవచ్చు.

పర్కార్ అన్నానంటే గుర్తొచ్చింది. క్రీ.శ. 940లో ఖురాసాన్‌లో పుట్టి బాగ్దాద్‌లో పని చేసిన అబుల్ వఫా అల్ బూజ్జానీ అనే గణిత శాస్త్రవేత్త, చేతిపనివాళ్లకు అవసరమయ్యే రేఖాగణిత నిర్మాణాల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. అందులో పర్కార్ ఎడం మార్చకుండానే చేసే నిర్మాణాలు కూడా ఉన్నాయి. అంత పెద్ద పండితుడు వడ్రంగుల కోసం, పలకలు పరిచేవాళ్ల కోసం కూర్చుని రాశాడు. ఇది గొప్పలు చెప్పుకోవడానికి అనడం లేదు. మన పిల్లల తండ్రుల్లో ఎక్కువమంది ఆ పనుల్లోనే ఉన్నారు. "నేను చదువుకోలేదు సార్, మీరే చూసుకోండి" అంటారు. ఆయనే పునాది దగ్గర మూల సరిగా ఉందో లేదో చూడటానికి ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, మధ్య దూరం 5 వచ్చిందా లేదా అని టేపు పట్టి చూస్తాడు. అది పైథాగరస్ సిద్ధాంత విపర్యయం. సిద్ధాంతానికీ విపర్యయానికీ తేడా తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా కలిపేసే పిల్లలకు, అబ్బా టేపు పట్టుకుని చూపిస్తే ఒక్కసారికి అర్థమవుతుంది. మూల లంబంగా ఉందని ముందే తెలిస్తే 5 వస్తుందని చెప్పేది సిద్ధాంతం. 5 వచ్చింది కాబట్టి మూల లంబమేనని చెప్పేది విపర్యయం. మేస్త్రీకి కావలసింది రెండోదే.

అందుకే ఈ సభలో ఉన్న కాంట్రాక్టర్లను, ఫర్నిచర్ షాపు యజమానులను, టైల్స్ వ్యాపారులను చందాతో పాటు ఒక సాయంత్రం కూడా అడుగుతున్నాను. మీరు రాలేకపోతే మీ దగ్గరి పెద్ద మేస్త్రీని పంపండి. టేపు, తాడు, గుణ్యం పట్టుకుని మన కేంద్రం వరండాలో అరగంట నిలబడితే చాలు. పిల్లలతో ఏం మాట్లాడాలో నేను చూసుకుంటాను.

కేంద్రానికి మరో మనిషి కూడా కావాలి. నిర్మాణం నేర్పడానికి నల్లబల్ల ఒక్కటే సరిపోదు. పిల్లవాడి పక్కన కూర్చుని, పెన్సిల్ మొన చూసి, చాపం ఎక్కడ జారిందో చూపించాలి. ముప్పై మంది పిల్లలకు ఒక్కరిమే ఉంటే అది సాధ్యం కాదు. మన దగ్గర చదివి ఇంటర్‌లో ఎంపీసీ చేస్తున్న పిల్లలు ఉన్నారు, వాళ్లలో ఇద్దరికి వారానికి మూడు సాయంత్రాలకు కొంత గౌరవ వేతనం ఇస్తే వాళ్ల బస్సు పాసుకూ పనికొస్తుంది, మన పనీ జరుగుతుంది. అమ్మాయిల బ్యాచ్‌కు అమ్మాయినే పెట్టాలి, అప్పుడే తల్లులు పంపుతారు.

వేళల గురించి ఒక మాట. ఇప్పుడు రంజాన్ పరీక్షల కాలానికి దగ్గరగా వస్తోంది. సాయంత్రం ఇఫ్తార్, ఆ తర్వాత తరావీహ్, పిల్లలు రాలేరు, రమ్మనడం కూడా సరికాదు. ఆ నెలలో తరగతులు ఫజర్ నమాజు తర్వాత గంటన్నర పెట్టుకుందాం. సహరీకి ఎలాగూ లేస్తారు, బుర్ర తేటగా ఉంటుంది. కానీ కొత్త పాఠం రంజాన్‌లో మొదలుపెట్టలేం. అంటే రెండు అధ్యాయాలూ డిసెంబరు, జనవరిల్లోనే అయిపోవాలి. వచ్చే నెల మొదటి వారానికల్లా పర్కార్లు, నోటుబుక్కులు చేతికొస్తే అయిపోతాయి. కావలసినవాటి జాబితా కార్యదర్శిగారి బల్ల మీద ఉంచాను. సభ అయ్యాక దయచేసి ఒకసారి చూడండి.