గుమ్మము పట్టని తల



గత వేసవిలో గృహప్రతిష్ఠ ప్రార్థనకు ఒక ఇంటికి వెళ్లాను. గుమ్మము ముందు నలుగురు ఒక అడవిదున్న తలతో తంటాలు పడుచున్నారు. ఇంటి పెద్దాయన 1972కు ముందు వేటాడినది, మైసూరులో వాన్ ఇంగెన్ వారు తయారుచేసినది. 1999లో ఆ దుకాణము మూతపడినది.

పత్తి బోరెమైతే నొక్కి లోపలికి తోయవచ్చును. కొమ్ములు నొక్కుడు పడవు గదా! చెవులు పట్టి లాగబోతే నేనే ఆపాను. చివరికి తలుపు రెక్క ఊడదీసి, తలను పక్కకు వాల్చి, ముందు ఒక కొమ్మును లోపలికి పంపి మెల్లగా త్రిప్పితే వచ్చింది. పాతకాలపు తలలకు పాషాణము పూసేవారు, అందుకే చేతులు కడుగుకొనమన్నాను.

ఏశావు వేట మాంసము సంగతి మీరెరిగినదే. ఆ గుడారములో తల తగిలించినట్లు మాత్రము ఎక్కడా లేదు!

"తమ్ముడూ, కాగితమున్నదా?" అని అడిగాను. కుమారుడు తెల్లబోయాడు.

ప్రియులారా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇటువంటి తలకు యాజమాన్య ధ్రువపత్రము ఉండవలెను. 2003 సవరణ తరువాత, వారసత్వముగా వచ్చినదైతే 90 దినములలోగా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయవలెను. పెద్దాయన గతించి అప్పటికి ఆరు నెలలు.

"ఎవరు చూడొచ్చారండీ?" అన్నాడు తమ్ముడు. తల్లి మాట్లాడలేదు. లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగునుండి భర్త పేరున ఉన్న ధ్రువపత్రము తెచ్చి నా చేతిలో పెట్టింది.

అది శనివారము. ప్రార్థన చేశాము. తలను గోడకు ఎక్కించలేదు, దుప్పటి కప్పి మూలన ఉంచారు. సోమవారము ఉదయము తమ్ముడు, నేను గుంటూరు బస్సెక్కాము.