ట్రైలర్ తగిలించారా? ముందు ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ స్క్రీన్ మీదకి తెచ్చుకోండి

ఈరోజు ఎపిసోడ్ అమెరికాలో పికప్ ట్రక్ నడిపే మనవాళ్ల కోసం. ఇండియా నుంచి చూసేవాళ్లు కూడా ఉండండి, మీకు బాగా తెలిసిన హాఫ్ క్లచ్ దగ్గర్నుంచే మొదలుపెడతా.

టెక్సస్‌లో పికప్ కొన్న చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన వస్తుంది. ఒక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని, పిల్లలతో కొలరాడో వెళ్లొద్దామని. మంచి ఆలోచనే. డల్లాస్ నుంచి అమరిల్లో దాకా పెద్ద ఘాట్‌లేం లేవు, బండి హాయిగా పోతుంది. అసలు సంగతి ఐ-25 మీద రాటన్ పాస్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. 7,800 అడుగుల పైన ఉంటుందది. వెనక మూడు టన్నుల ట్రైలర్, లోపల ఏసీ, బయట జులై ఎండ. అక్కడ ట్రాన్స్‌మిషన్ పోయిందంటే రిపేరుకి వేల డాలర్లు. డబ్బు సంగతి అటుంచండి, పిల్లలతో సహా హైవే పక్కన నిలబడాలి. ట్రక్కుని, ట్రైలర్‌ని రెంటినీ లాక్కెళ్లే టో ట్రక్ ఎప్పుడొస్తుందో తెలీదు.

ఇంతకీ ట్రాన్స్‌మిషన్ ఎందుకు పోతుంది? "బరువు ఎక్కువైంది" అంటారు. బరువు నేరుగా గేర్లని విరగ్గొట్టడం తక్కువ. వేడి పుట్టిస్తుంది, ఆ వేడి ఆయిల్‌ని పాడుచేస్తుంది, పాడైన ఆయిల్ లోపలున్న క్లచ్‌లని, సీళ్లని తినేస్తుంది.

ఇప్పుడు హాఫ్ క్లచ్ దగ్గరికొద్దాం. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగితే కొంతమంది బ్రేక్ వేయరు, హాఫ్ క్లచ్‌లో బండిని అలా పట్టుకుంటారు. రెండు నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది కదా? ఇంజిన్ ఒక స్పీడులో, చక్రాలు ఇంకో స్పీడులో తిరుగుతుంటే ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. ఆటోమేటిక్‌లో ఆ పని చేసేది టార్క్ కన్వర్టర్. లోపల ఆయిలే ఇంజిన్ శక్తిని గేర్లకి అందిస్తుంది. కొంత స్పీడు వచ్చాక కన్వర్టర్ లాక్ అవుతుంది, అప్పుడు జారుడు ఉండదు, వేడి తగ్గుతుంది. లాక్ కాకుండా లోడ్ లాగుతున్నంతసేపూ ఆయిల్ మరుగుతున్నట్టే లెక్క.

ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. టో/హాల్ బటన్ ఏం చేస్తుంది? గేర్‌ని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ఊరికే పైకీ కిందకీ మార్చదు. ఇప్పటి ఎఫ్-150లో 10 గేర్లు ఉంటాయి. లోడ్‌తో గుట్టలున్న రోడ్డు మీద ఆ బటన్ నొక్కకపోతే అది ప్రతి నిమిషం గేర్ వెతుక్కుంటూనే ఉంటుంది. మార్చిన ప్రతిసారీ క్లచ్‌లు కొంచెం జారతాయి, కొంచెం వేడి. "టో మోడ్‌లో ఆర్‌పీఎం 4,000 పోతోంది, ఇంజిన్ పాడవుతుందేమో" అని దాన్ని ఆపేసేవాళ్లున్నారు. ఆపకండి. ఎక్కుడులో కింది గేరు, ఎక్కువ ఆర్‌పీఎం, అదే సరైన పద్ధతి. ట్రాలీ నిండా ధాన్యం బస్తాలు వేసుకుని చెరువు గట్టు ఎక్కే ట్రాక్టర్‌ని టాప్ గేర్‌లో ఎవరూ నడపరు కదా.

మరి ఎంత వేడైతే భయపడాలి? మీ డిస్‌ప్లేలో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ పేజీ ఉంటే ప్రయాణమంతా అదే పెట్టుకోండి, మ్యాప్ ఫోన్‌లో చూసుకోవచ్చు. చాలా ట్రక్కుల్లో 200 ఫారన్‌హీట్ అటూ ఇటూ మామూలే. 220 దాటి ఇంకా పెరుగుతుంటే కాలు తేలిక చేయండి. కుడి లేన్‌లోకి వచ్చి, గేరు తగ్గించి, 45 మైళ్లకి దిగండి, హజార్డ్ లైట్లు వేయండి. వెనకవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. 250 దగ్గరకొస్తుంటే చదునైన, సేఫ్ చోటు చూసి ఆపాలి. ఆపినా ఇంజిన్ కట్టేయకండి! ఇంజిన్ తిరిగితేనే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితేనే ఆయిల్ కూలర్‌లోకి వెళ్లి చల్లబడుతుంది. పార్కింగ్ బ్రేక్ గట్టిగా వేసి, కొన్ని నిమిషాలు అలాగే ఉంచండి. మీ మోడల్‌కి ఆపాల్సిన అంకె వేరేగా ఉండొచ్చు, మాన్యువల్ చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ వేడి కొండ మీదే పుడుతుందనుకోకండి. క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్‌ని రివర్స్‌లో ఎత్తు మీదకి ఎక్కించేటప్పుడు చూడండి. స్పీడు లేదు, కన్వర్టర్ లాక్ కాదు, ఎదురుగాలి లేదు. ఎడమకి, కాదు కుడికి, అంటూ పావుగంట గడిచిపోతుంది. టెంపరేచర్ దూసుకెళ్లేది ఇక్కడే. కింద మట్టో కంకరో అయితే ఫోర్-లో వేయండి, గేర్ రేషియో వల్ల ట్రాన్స్‌మిషన్ మీద పని చాలా తగ్గుతుంది. పొడి కాంక్రీట్ మీద మాత్రం వద్దు, స్టీరింగ్ తిప్పితే మొత్తం బిగుసుకుపోతుంది.

ఇక షోరూమ్‌లో చెప్పే టోయింగ్ కెపాసిటీ. ఆ అంకెలకి ఒక స్టాండర్డ్ ఉంది, ఎస్ఏఈ జె2807. అరిజోనాలో డేవిస్ డ్యామ్ గ్రేడ్ అనే దాదాపు 12 మైళ్ల ఎక్కుడు మీద, 100 డిగ్రీల ఎండలో, ఏసీ ఫుల్‌గా పెట్టి, కనీస స్పీడు తగ్గకుండా ఎక్కాలి. గట్టి పరీక్షే. కానీ ఆ లెక్కలో ట్రక్కులో ఉండేది ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మనమేమో నలుగురం, అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చుంటే ఆరుగురం, వెనక రైస్ కుక్కర్ నుంచి గ్యాస్ స్టవ్ దాకా. డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో అందులో రాసుంటుంది. ట్రైలర్ ముక్కు హిచ్ మీద మోపే బరువు కూడా అందులోంచే పోతుంది. అది ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం. 6,500 పౌండ్ల ట్రైలర్ అంటే 650 నుంచి 975 అన్నమాట. మిగిలింది కూడి చూసుకోండి, చాలామందికి షాకే.

ఆయిల్ సంగతి. "లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్, మార్చక్కర్లేదు" అని ఎవరన్నా చెప్తే, ఎవరి లైఫ్ అని అడగండి. ట్రైలర్ లాగే బండికి మాన్యువల్‌లో విడిగా సివియర్ డ్యూటీ షెడ్యూల్ ఉంటుంది, దాన్ని ఫాలో అవ్వండి. గ్రేడ్ కూడా ముఖ్యం. మెర్కాన్ ఎల్‌వీ వేరు, మెర్కాన్ యూఎల్‌వీ వేరు. పేరు దగ్గరగా ఉందని ఒకదాని బదులు ఇంకోటి పోయించుకోవద్దు. ఆయిల్ నల్లబడి కాలిన వాసన వస్తుంటే ట్రిప్‌కి ముందే షాపుకి తీసుకెళ్లండి. టో ప్యాకేజీ లేని ట్రక్కు అయితే ట్రాన్స్‌మిషన్ కూలర్ ఏ సైజుదో కూడా అప్పుడే అడగండి.

దిగేటప్పుడు కూడా టో/హాల్ ఆన్‌లోనే ఉంచండి. మన ఘాట్ రోడ్ల మీద బస్సు డ్రైవర్లు చెప్పేది ఇక్కడా పనికొస్తుంది: ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు. బ్రేకుల మీద భారం తగ్గుతుంది. ట్రైలర్ బ్రేకులకి వేరే కంట్రోలర్ ఉంటుంది, దాని సెట్టింగ్ ఎలా చేయాలో వచ్చే ఎపిసోడ్‌లో బండి దగ్గరే నిలబడి చూపిస్తా.