అక్కన్నపేట వీధి

చరిత్ర యనగానే మనము కోటలను, శాసనములను వెదకుదుము. చిన్న ఊరి చరిత్రము మాత్రము దాని వీధియందే కనబడును. సిద్దిపేట జిల్లాలోని అక్కన్నపేటను ఆ దృష్టితో చూతము.

నిజాము ఏలుబడిలో నుండిన ఈ సీమ 1948 సెప్టెంబరులో భారత యూనియనునందు చేరినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశములో, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రములో భాగమైనది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. కరీంనగరు జిల్లా హుస్నాబాదు మండలములో నుండిన అక్కన్నపేట, 2016 అక్టోబరులో క్రొత్తగా నేర్పడిన సిద్దిపేట జిల్లాలో తానే మండల కేంద్రమైనది. పుట్టిన ఇల్లు విడువని వృద్ధునికి సైతము చిరునామా ఇన్నిసార్లు మారినదన్నమాట!

చిరునామాతోపాటు వీధియు మారును. ఈ ప్రాంతపు పాత ఇండ్లకు మట్టిగోడలు, గూనపెంకులు, వీధివైపు అరుగులు. అరుగు ఇంటివారిదే యైనను బాటసారికి ఆసనము, ముసలివారికి కాలక్షేపము, ఇరుగుపొరుగు తగవులకు న్యాయస్థానము. కచేరీలు వచ్చినచోట జనము పెరుగును, అంగళ్లు లేచును, బాట వెడల్పు కావలసివచ్చును. అప్పుడు మొదట పోవునది అరుగే. దాని తావున ఇనుప షట్టరు దిగును.

ఇందులకు మార్పును నిందింపరాదు. భూమి కాగితమునకై హుస్నాబాదు పోవలసిన రైతునకు తహశీల్దారు కచేరి దగ్గరకు వచ్చుట మేలేకదా!

ఇదే మండలమున గౌరవెల్లి జలాశయము కలదు. దాని సామర్థ్యమును మొదట 141 కోట్ల ఘనపుటడుగులుగా తలచి, పిదప 823 కోట్లకు పెంచిరి. మెట్టపొలములకు నీరు తెచ్చు ఆ ఆశకు గుడాటిపల్లి గ్రామము తన్ను తాను వెలగా చెల్లింపవలసివచ్చినది. పరిహారమిచ్చువారు భూమిని కొలుతురు, ఇంటిని కొలుతురు, వీధిని కొలువరు. ఎవరి అరుగు ప్రక్కన ఎవరి గడప యుండెనో ఏ దస్తరమును చెప్పదు.

అది చెప్పగలవారు మన పెద్దలే. సెలవు దినమున పిల్లలను వారి చెంత కూర్చుండబెట్టి, ఒక కాగితముపై పాత వీధిని గీయింపుడు. ఇంటింటికి పేరు, చెట్టుచెట్టుకు చోటు గుర్తింపుడు. వీధి మారుటను ఆపజాలము. మరచిపోకుండుట మాత్రము మన చేతిలోనిదే.