పరీక్షల మెట్లమీద పరభాషాపట్టము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమును కొనియాడుటకు నాకంటె సమర్థులు ఈ వేదికమీద నున్నారు. కార్యదర్శిగారు నన్ను వేరొక పనికి పిలిచినారు. కళాశాల గడప తొక్కకుండ, ఇంట చదివి, పరీక్షలు వ్రాసి, జర్మను ఫ్రెంచివంటి భాషలో డిగ్రీ పొందవచ్చునా యని మన చందాదారులలో కొందరు యువకులు ఆయన నడుగుచున్నారట. అట్టి మార్గము కలదు. గోతులును కలవు.

ఈ పద్ధతి మన ఊరికి క్రొత్త గాదు. దక్షిణభారత హిందీ ప్రచారసభ పరీక్షలను పెద్దలెల్ల ఎరుగుదురు. ప్రాథమిక మొదలు ప్రవీణ వరకు మెట్లు మెట్లుగా ఎందరో ఎక్కిరి. పగలు పొలముపని, రాత్రి దీపముముందు పాఠము. ఎచ్చట చదివితివని ఆ పరీక్షకు లెక్క లేదు. ఏమి వచ్చుననుటయే లెక్క. లండను విశ్వవిద్యాలయము 1858లోనే, తన కళాశాలలలో చదువనివారికిని డిగ్రీ పరీక్షల తలుపు తెరచినది.

అమెరికాలో ఈ భావము మరింత పెరిగినది. అచ్చట మొదటి డిగ్రీకి సాధారణముగా 120 క్రెడిట్లు కావలెను. క్రెడిట్టనగా చదువును కొలుచు కుంచము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి సైనికులు మరలివచ్చినప్పుడు, వారు సైన్యములో నేర్చినదానిని ఏ కుంచముతో కొలువవలెనను ప్రశ్న పుట్టినది. అమెరికా విద్యామండలి ఆ కొలతలను సూచించుచు వచ్చినది. 1967లో కాలేజి బోర్డువారి ‘క్లెప్’ పరీక్షలు వెలసినవి. 1971లో న్యూయార్కున నేటి ఎక్సెల్సియర్ విశ్వవిద్యాలయమునకు మూలమైన సంస్థయు, 1972లో న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ కళాశాలయు, 1973లో కనెక్టికట్‌లో చార్టర్ ఓక్ కళాశాలయు పుట్టినవి. పలుచోట్ల గడించిన క్రెడిట్లను ఒకచోట కుప్పవేసి, ఆ రాశికి పట్టమిచ్చుట వీని పని.

జర్మను భాషనే తీసికొందము. క్లెప్ పరీక్షలో మార్కులు 20 నుండి 80 వరకు నుండును. 50 వచ్చిన 6 క్రెడిట్లు, 60 వచ్చిన 9 క్రెడిట్లు ఇయ్యవచ్చునని విద్యామండలి సిఫారసు. సిఫారసే సుమా! ఇచ్చుట మానుట ఆయా కళాశాలల యిష్టము. గంటన్నర పరీక్ష, విని గ్రహించుట, చదివి గ్రహించుట మాత్రమే అందు కలవు. నోరు తెరువుమని ఎవరును అడుగరు, ఒక ఉత్తరము వ్రాయుమనరు. కనుక ఇది మొదటి రెండేండ్ల చదువుకే సరిపోవును. భాషలో పట్టమన్నచో సాహిత్యము, రచన, సంభాషణ యను పైమెట్లు ఉన్నవి. వానికి వేరు పాఠక్రమములు కావలెను. సంభాషణకు మౌఖికపరీక్ష కలదు. పరీక్షకుడు టెలిఫోనులో పావుగంట మొదలు అరగంట వరకు మాటలాడును. మొదట ఇల్లు వాకిలి అడుగును, పిదప జరిగిన సంగతి చెప్పుమనును, ఆపైన ఒక అభిప్రాయమును సమర్థింపుమనును. మాట ఎచ్చట తడబడునో అచ్చటికి పోయి ఆగును. వల్లెవేసినవాడు ఇచ్చట దొరకిపోవును. నాకు ఈ పరీక్షయందే గౌరవ మెక్కువ.

ఇక గోతులు. ఈ సంస్థలు తాము పట్టమిచ్చు విషయముల పట్టికను మార్చుచుండును. జర్మనును ప్రధానవిషయముగా ఇచ్చుచున్నారో లేదో వ్రాతమూలకముగ తెలిసికొనక ఒక్క డాలరైనను కట్టకుడు. ఆ పట్టము మన దేశమున ఉద్యోగమునకు చెల్లునా యనునది రెండవ విచారణ, చేరకముందే చేయవలసినది. చదువు పరీక్ష ఏమియు లేక, జీవితానుభవమునకే డిగ్రీ ఇచ్చెదమని సొమ్ము గుంజువారును కలరు. అప్పుచేసి అట్టి కాగితము కొన్న తండ్రి బాధను ఎవరు తీర్చగలరు?

మరియొక మాట నిష్ఠురముగా తోచినను చెప్పెదను. మీలో పలువురకు కావలసినది డిగ్రీ కాదు, ధ్రువపత్రము. ఐరోపా మండలి 2001లో ప్రకటించిన కొలత ప్రకారము భాషాజ్ఞానమునకు ఏ1 మొదలు సి2 వరకు ఆరు మెట్లు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందగోరు ఆడపిల్లకు సాధారణముగా బి2 మెట్టు అడుగుదురు, బి.ఏ. పట్టమడుగరు. ఆ పిల్ల నాలుగేండ్లు క్రెడిట్లు కూడబెట్టుట వృథాశ్రమ. అధ్యాపకత్వమో అనువాదమో వృత్తిగా కోరువానికి డిగ్రీ వేరు సంగతి. అట్టివానికి హైదరాబాదులోనే ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయము కలదు. మద్రాసు ఐ.ఐ.టి. వారి జర్మను పాఠములు ఎన్‌పిటెల్‌లో వెల లేకుండ వినవచ్చును. 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వలన, పలు సంస్థలలో గడించిన క్రెడిట్లను దాచుకొను వీలు మన దేశమునకును వచ్చినది.

పరభాష నేర్చువాడు ఎంతదూరము పోగలడో తెలియుటకు బ్రౌనుదొర చాలును. 1817లో మద్రాసులో దిగిన ఆ కుంపిణీ ఉద్యోగికి తెలుగు పరభాషయే. కొలువుకై నేర్చిన భాషకే పిదప నిఘంటువు కూర్చినాడు.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. వెనుకగదిని రాత్రి ఏడు మొదలు తొమ్మిది వరకు భాష నేర్చువారికి విడువుడు. ఇంటర్నెట్టు, చెవులకు పెట్టుకొను రెండు హెడ్‌ఫోనులు, మూయుటకు ఒక తలుపు ఉన్నచో చాలును. తలుపెందుకందురా? బిగ్గరగా పలుకకున్న భాష రాదు. పత్రికలు చదువుకొనువారికి ఆ గోల పడదు.

ఒక జర్మను వ్యాకరణమును, ఒక నిఘంటువును ఈ పూట కార్యదర్శిగారికి అప్పగించుచున్నాను. నిఘంటువునకు అట్ట ఊడినది, కుట్టించుకొనవలెను.