పరుగు మనది, బస్సు చార్జీ ఎవరిది?



ఇక్కడ కూర్చున్న తమ్ముళ్లు, చెల్లెళ్లలో కబడ్డీ, ఖోఖో ఆడేవాళ్లున్నరు, పరుగు తీసేవాళ్లున్నరు. ఆట గురించి మీకు చెప్పేంతటిదాన్ని కాదు. ఒక లెక్క మాత్రం చెప్త.

నేను తొమ్మిదో తరగతిలో ఖోఖో ఆడేదాన్ని. మండలం దాటినం, జిల్లా గెలిచినం. రాష్ట్ర సెలక్షన్‌కు నా పేరొచ్చింది. మూడు రోజులే టైం. "చార్జీలు ఇంటికాడ తెచ్చుకో, బిల్లు పాసయినంక ఇస్తం" అన్నరు బడిలో. మా నాయన ఊరంతా తిరిగిండు. ఎవరింట్ల పైసల్లేవు. అది సెప్టెంబరు. ఎండాకాలం తునికాకు పైసలు విత్తనాలకు, ఎరువులకు పోయినయి. పత్తి ఇంకా పగల్లేదు. మన ఇండ్లల్ల చేతిలో రూపాయి ఆడని నెలల్లోనే పిల్లల సెలక్షన్లు వస్తయి. నేను పోలేదు. ఆ రాత్రి మా నాయన అన్నం తినలేదు.

అప్పుడు ఒక ఆట పోయిందనుకున్న. ఏం పోయిందో పెద్దయినంక తెలిసింది. జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్రం తరఫున ఆడితే వచ్చే సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు పనికొస్తది. కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు అడగాలన్నా ముందు చూసేది సర్టిఫికెట్లే. అంటే ఆ బస్సు టికెట్ వెనక నా చదువుంది, నా కొలువుంది.

"సత్తా ఉంటే ఎట్లయినా పైకొస్తరు" అంటరు. జైపాల్ సింగ్ ముండాను చూడండి. 1928 ఆంస్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మన హాకీ జట్టుకు కెప్టెన్. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. ఆయనకు సత్తా ఉంది, నిజమే. కానీ చిన్న ఊరి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా ఆయనను మిషనరీలు తీసుకపోయిన్రు. ఎవరో ఒకరు ఓడ టికెట్ కొన్నరు.

చార్జీ అంటే ఒక్క టికెట్ కాదు. భద్రాచలం నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైనే. రెండు రోజుల తిండి, పడుకోను జాగ, బూట్లు, ఆడపిల్ల వెంట పోయే టీచరమ్మ ఖర్చు, ఆ రోజులు పోయే అమ్మానాయనల కూలి, ఇవన్నీ కలపాలె. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచిదే. మరి తమ్ముళ్లకు? రాష్ట్రం దాటితే? రైల్లో క్రీడాకారులకు ఉండే రాయితీని 2020 మార్చిలో ఆపేసిన్రు.

అందుకే మన డిమాండ్ సూటిగా ఉండాలె. బిల్లు తర్వాత కాదు, పైసలు ముందు. బడి తెరిచే జూన్‌లోనే ప్రతి ఆశ్రమ పాఠశాల చేతిలో ప్రయాణ ఖర్చు ఉండాలె. తెలంగాణలో 2017 చట్టం కింద ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది. మన జనాభా లెక్కన రావాల్సిన పైసలవి. అందులోంచి అడుగుదాం. ఇది బిచ్చం కాదు.

ఇంటికి పోయి మీరు మూడు పనులు చేయండి. ఒకటి, పది రూపాయల ఫీజుతో ఐటీడీఏకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: పోయినేడు విద్యార్థుల క్రీడా ప్రయాణాలకు ఎంత ఇచ్చిన్రు, ఏ తేదీన ఇచ్చిన్రు? 30 రోజుల్లో జవాబియ్యాలె. తేదీ అడగడం మర్చిపోవద్దు, అసలు సంగతి ఆడనే ఉంది. రెండు, ఆ జవాబు గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. మూడు, సర్కారు కదిలేదాకా పిల్లలు ఆగొద్దు. తునికాకు పైసలొచ్చిన వారమే ఇంటికింత అని యూత్ సంఘం డబ్బాలో వేయండి. లెక్క పంచాయతీ గోడ మీద రాయండి. సెప్టెంబరులో ఎవరి నాయనా ఇల్లిల్లూ తిరగొద్దు.

ఈసారి మీ ఊరి పిల్ల పేరు లిస్టులో వస్తే, ఆమెను "పైసలున్నయా?" అని అడగకండి. "బస్సెన్ని గంటలకు?" అని అడగండి.

జోహార్.