పల్లెల కొఱకు పుట్టిన విమానము



విమానమనగానే మహానగరములును, సిమెంటు బాటలును మనకు తలపునకు వచ్చును. నేడు మేము ముచ్చటింపబోవునది పొలముల కొఱకు, అడవుల కొఱకు పుట్టిన ఆన్-2 అను విమానమును గూర్చి.

సోవియట్ దేశపు అటవీ శాఖకు, పో-2 అను పాత చిన్న విమానమునకు మాఱుగా ఇంకొక గట్టి విమానము కావలసివచ్చెను. ఓలెగ్ ఆంటొనొవ్ రూపొందించిన ఆన్-2 తొలిసారి 1947 ఆగస్టు 31న ఎగిరెను. అప్పటికే జెట్ విమానములు వచ్చియున్నను, ఆయన పైనొక రెక్క, క్రిందనొక రెక్క గల పాత పద్ధతినే ఎన్నుకొనెను. అది తెలివైన ఎన్నికయే యని మా యభిప్రాయము. రెక్కల వైశాల్యము పెరిగినకొలది విమానము మెల్లగా ఎగురగలదు. కొద్దిపాటి గడ్డినేలపై దిగి, మరల లేవగలదు. వేయి అశ్వశక్తుల యంత్రముతో పన్నెండుగురు ప్రయాణికులనో, టన్నున్నర సరకునో మోయగలదు. పీపాలోని పెట్రోలును తోడుకొను పంపు, చక్రములకు గాలి నింపు సాధనము దానిలోనే యుండును. మంచునేలపై దిగవలసినచో చక్రములకు బదులు జారుడు పట్టీలు, నీటిపై దిగవలసినచో తేలు తొట్లు అమర్చెదరు. రోడ్డులేని ఊరికి ఇంతకన్న కావలసినదేమి?

కీవ్ నగరమున మొదలైన దీని తయారీ, 1960 నుండి పోలండు దేశమునకు మారి, 2002 వరకు సాగెను. చైనాలోను 1957 నుండి తయారైనది. మొత్తము పదునెనిమిది వేలకు పైగా తయారైనవి. ఇవి టపా మోసినవి, రోగులను ఆసుపత్రికి చేర్చినవి, కార్చిచ్చు నార్పువారిని పారాచూట్లతో దింపినవి.

ఐనను ఈ సేవ ప్రభుత్వ ధనముపై నిలిచినది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిమ్మట ఆ ధనము తగ్గగా, పెట్రోలు ఖర్చు భరింపలేక అనేక గ్రామీణ విమాన స్థలములు మూతపడినవి. విమానమునే నమ్ముకొని రోడ్డు వేసికొనని ఊళ్లు ఒంటరివైనవి.

పురుగుమందు చల్లుట దీని ముఖ్యమైన పని. విశాలమైన చేలపై ఒక్క పూటలో చల్లగలుగుట గొప్ప సౌకర్యమే. కాని గాలి వీచినచో మందు చేను గట్టును గుర్తింపదు. చెరువుపై, పశువుల మేతపై, ఇంటి ముంగిట పడును. మన దేశమున కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటలపై దాదాపు ఇరువది యేండ్లు, 2000 వరకు, ఆకాశమునుండి ఎండోసల్ఫాన్ చల్లిరి. అచ్చట హెలికాప్టర్లను వాడిరి. వాహనము వేఱైనను గాలి స్వభావమొక్కటే. ఆ పల్లెల ప్రజలు అనారోగ్యముతో ఏండ్లకొలది పోరాడిరి. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించెను.

నేడు మన గ్రామములకు మందు చల్లు డ్రోనులు వచ్చుచున్నవి. ఏ మందు, ఏ దినము, గాలి యెటు, చెరువు ఎంత దూరము అను ప్రశ్నలను పంచాయతీ సమావేశమున ముందుగా అడుగుట సభ్యుల హక్కు. చల్లుటకు ముందుదినముననే దండోరా వేయించి, పశువులను, పిల్లలను దూరముగా నుంచవలయును.